ఎక్కడి దాంక వచ్చినం?

ఆ ఆదివారం నర్సింగ్ షెడ్డు తెరిచేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. వారమంతా రాత్రి డ్యూటీ. బొల్లారంలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్ అతను. పొద్దున ఆరింటికి దిగాల్సినవాడు, తర్వాతి షిఫ్టు మనిషి రాకపోవడంతో పదింటిదాకా ప్యానెళ్ళ ముందే నిలబడ్డాడు. ఇంటికొచ్చి నాలుగు ముద్దలు తిని నడుం వాల్చాడో లేదో ఫోను మోగింది.

"నర్సింగ్ గారేనా? కారు స్టీరియో పనికి ఇవ్వాళ రమ్మన్నారు కదండీ..."

రమ్మన్నది తనే. మరిచిపోయాడు.

"రేపు రమ్మనరాదు?" అంది భార్య వనజ. "నీ కండ్లు సూస్కున్నవా అద్దంల? ఎట్ల ఎర్రవడ్డయో."

"రేపు మల్ల డ్యూటీనే గద" అంటూ నర్సింగ్ విప్పిన చొక్కానే మళ్ళీ తొడుక్కున్నాడు.

పటాన్‌చెరులో హైవే పక్క సర్వీసు రోడ్డు మీద, టైర్ల దుకాణానికీ మూతపడ్డ వెల్డింగు షాపుకీ మధ్య ఇరుక్కున్న రేకుల షెడ్డు అతనిది. కార్లకు లైట్లు, హారన్లు, పాటల పెట్టెలు బిగించడం అక్కడి పని. పదిహేనేళ్ళుగా డ్యూటీ లేని పూటలన్నీ అందులోనే గడుస్తున్నాయి. మూడు రోజులుగా ముసురు. మబ్బు కిందికి దిగిన రోజుల్లో బొల్లారం వైపు నుంచి ఒక ఘాటు వాసన రోడ్డు మీదికి వచ్చి కూచుంటుంది. ఆ వాసన గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరు, కిటికీ మూసుకుంటారంతే.

కారు వచ్చేసరికి అతను మొహం కడుక్కుని టీ తాగుతున్నాడు. తెల్ల కారు, కొంచెం పాతది. నడుపుతున్నామెకు ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. పేరు శ్రీదివ్య అని చెప్పింది. తెల్లాపూర్‌లో ఉంటారట, ఏదో మందుల కంపెనీ ల్యాబులో ఉదయం షిఫ్టు దిగి నేరుగా పాపను తీసుకుని వచ్చిందట. ఆమెదీ నిద్ర చాలని మొహమే. వెనక సీట్లోంచి నాలుగేళ్ళ పాప దిగింది, చేతిలో గులాబీ రంగు నీళ్ళ సీసాతో.

"దీనికి స్టీరియో లేదన్నా. మేం కొన్నప్పుడే అక్కడ ఖాళీ బొక్క. మావారు ఎక్కడో యార్డులో చూసి కొన్నారు. కంపెనీ ఆంప్లిఫయరూ వూఫరూ డిక్కీలో అలాగే ఉన్నాయట. వాటిని ఉంచి ఈ కొత్త స్టీరియోకి కలపమన్నారు." ఆమె అట్టపెట్టె అందించింది.

"కలుపొచ్చమ్మా. కాకుంటే జెర టైమ్ పడ్తది. కంపెనీ ఆంప్లిఫయర్ బయటి స్టీరియో మాట జల్దీ ఇనదు. ఒక్కొక్క వైరు ఎటు పోతదో సూస్కుంట కలపాలె."

ఆమె తలూపింది గానీ కదల్లేదు. "ఇంకోటన్నా... స్టీరియో లేకపోయినా అప్పుడప్పుడు వెనక నుంచి చప్పుడొస్తుంది. దబ్ దబ్ అని. మావారేమో లూజు వైరంటారు."

"లూజు వైరే అయితది."

బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది నల్ల వైరు విప్పి పక్కకు వంచాడు నర్సింగ్. ఏ బండి ముట్టుకున్నా మొదటి పని అదే. తర్వాత డ్యాష్‌బోర్డు ఊడదీసి వైర్ల గుత్తిని బయటికి లాగి, ఏ రంగు ఎక్కడికి పోతోందో చూసుకుని డిక్కీ దగ్గరికొచ్చాడు.

డిక్కీ మూత ఎత్తగానే ముక్కుకు తడి వాసన తగిలింది. చాప నానిపోయి ఉంది. చాప ఎత్తితే స్టెప్నీ టైరు గుంటలో బెత్తెడు నీళ్ళు. అంచు రబ్బరు పోయి వాన నీళ్ళు దిగుతున్నాయనుకుని వేలితో చుట్టూ తడిమాడు. రబ్బరు బాగానే ఉంది. ఎక్కడా చీలిక లేదు. ఆలోచించే ఓపిక లేక గుడ్డతో నీళ్ళు తోడేశాడు.

ఎడమ పక్క అట్ట ఊడదీశాక మాత్రం ఆగిపోయాడు.

వూఫర్ అనే ఆ పెద్ద స్పీకర్ పెట్టె నోటికి పరుపు దూదిలాంటి స్పాంజి కుక్కి ఉంది. దాని మీద ప్లైవుడ్ చెక్క. చెక్క చుట్టూ గాలి కూడా చొరబడకుండా ఎంసీల్ ముద్ద. ఆంప్లిఫయర్ ఫ్యూజు తీసేసి, ఆ సందులో కూడా ముద్ద నింపారు. వైర్లను ఒక్క చోట తెంపితే చాలు కదా, నాలుగు చోట్ల తెంపారు. తెంపిన ప్రతి కొసకూ విడివిడిగా టేపు చుట్టి, దాని మీద నల్ల దారంతో రెండు ముళ్ళు వేశారు.

"ఎవడమ్మా గీ గాడిద పని చేసింది?" అన్నాడు. అన్న తర్వాత ఆ ముళ్ళ వైపు మళ్ళీ చూశాడు.

టేపు మీద దారం కట్టేవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. కర్దనూర్ బాలప్ప. నర్సింగ్‌కు పని నేర్పినవాడు. ఒక్క అతుకు నచ్చకపోతే వైరు మొత్తం పీకేసి కొత్తది వేసే మనిషి. రెండేళ్ళ కింద ఉన్నట్టుండి సామాను అమ్మేసి ఇంట్లో కూచున్నాడు. అడిగితే కండ్లు కనవడ్తలేవన్నాడు. అలాంటివాడు ఈ పని ఎందుకు చేశాడు?

ఫోన్ చేశాడు. ఎత్తలేదు. సరే, చేతిలో పని చేతిలో ఉంది. ఆలోచిస్తూ కూచోవడం కంటే ఉలి పట్టడమే సుఖం అనిపించింది. ముద్దను పొడిచి, చెక్క లేపాడు.

చెక్క ఊడినప్పుడు లోపలి నుంచి గాలి వచ్చింది. మూడు రోజులు మూత తీయని అన్నం గిన్నె వాసన. దాని వెనక ఇనుము వాసన. తడి ఇనుము... నర్సింగ్ తల పక్కకు తిప్పుకున్నాడు.

వాన పెరిగింది. శ్రీదివ్య ప్లాస్టిక్ కుర్చీలో కూచునే కునుకు తీస్తోంది. పాపను వెనక సీట్లో పడుకోబెట్టింది. రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేం వినపడటం లేదు. నర్సింగ్ తెగిన వైర్లన్నీ ఒక్కొక్కటే అతికాడు. ఫ్యూజు సందు గీకి శుభ్రం చేశాడు. ముందు తలుపుల స్పీకర్ల వైర్లు కలిపాడు. మధ్యలో రెండుసార్లు కళ్ళు మూతలు పడి, కాలుతున్న సోల్డరింగు కడ్డీ చేతిలో ఉందని గుర్తొచ్చి ఉలిక్కిపడ్డాడు.

వూఫర్ బతికుందో లేదో చూడాలి. దానికి గోడ గడియారంలో వేసే చిన్న సెల్లు చాలు. వైర్ల రెండు కొసలూ సెల్లుకు తాకిస్తే వూఫర్ ఒక్కసారి కొట్టుకుంటుంది. తాకించాడు.

దబ్.

బాగుంది. సెల్లు తీసేశాడు.

దబ్... దబ్.

చేతిలో సెల్లు చూసుకున్నాడు. వైర్లు దానికి జానెడు దూరంలో ఉన్నాయి. చెయ్యి వణికి తాకిందేమో అనుకున్నాడు. మళ్ళీ ఒక్కసారి తాకించి, సెల్లును జేబులో వేసుకుని, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

దబ్. దబ్. దబ్.

కరెంటు ఎక్కడిది? బ్యాటరీ వైరు తనే విప్పాడు కదా. ముందుకు నడిచి చూశాడు. విప్పిన వైరు విప్పినట్టే పక్కకు వంగి ఉంది. వెనక్కి వచ్చేసరికి చప్పుడు ఆగింది. కానీ వూఫర్ నల్ల పొర కదులుతోంది. మెల్లగా పైకి... మెల్లగా లోపలికి. నిద్రపోతున్న మనిషి ఛాతీలా.

నర్సింగ్ కళ్ళు నలుపుకున్నాడు. రెండు రోజులుగా నిద్ర లేదు. నిద్ర లేనివాడికి ఏమైనా కనపడుతుంది. ప్యానెల్ మీద లైట్లు కూడా ఒక్కోసారి అతన్ని చూసి కన్ను కొడతాయి. కానీ పొర మీద వేలు పెడితే... వేలు కూడా పైకీ కిందికీ కదిలింది.

అప్పుడే ఫోను మోగింది. బాలప్ప.

"ఏందిరా నర్సింగ్, ఫోన్ చేసినవ్?"

"కాకా, ఒక తెల్ల బండి వచ్చింది. డిక్కీల వూఫర్‌కు నీ దారం ముళ్ళు ఉన్నయ్..."

ముసలాయన గొంతు తగ్గించి అడిగాడు. "తెరిచినవా?"

"తెరిచిన."

"మూసెయ్. గట్లనే మూసెయ్. నేనొస్తున్న. నేను వచ్చేదాంక ఆ బండిల ఎవరిని కూసోనియ్యకు. ఇంటున్నవా? ఎవ్వరిని."

"ఏముంది కాకా అండ్ల?"

బాలప్ప ఫోన్ పెట్టేశాడు.

ఎవరినీ కూచోనివ్వకు... పాప! నర్సింగ్ గబుక్కున వెనక తలుపు తీశాడు. సీటు ఖాళీ. అవతలి తలుపు తెరిచి ఉంది. బండి చుట్టూ తిరిగి వచ్చేసరికి పాప డిక్కీ దగ్గర కాలి వేళ్ళ మీద నిలబడి ఉంది. నిద్ర మొహం, చెదిరిన జుట్టు. సీసా మూత తీసి, చాలా జాగ్రత్తగా, ఎవరి నోట్లోనో పోస్తున్నట్టు కొంచెం కొంచెంగా స్టెప్నీ గుంటలోకి నీళ్ళు పోస్తోంది.

"ఏం చేస్తున్నవ్ బిడ్డా?"

"అంకుల్‌కి దాహం వేస్తోంది. రోజూ అడుగుతాడు."

"ఏ అంకుల్?"

పాప నర్సింగ్‌ను వింతగా చూసింది. ఎదురుగా ఉన్న మనిషిని పట్టుకుని ఎవరని అడిగితే పిల్లలు అలాగే చూస్తారు.

అప్పుడు వినిపించింది. వూఫర్‌లోంచి కాదు. ముందు తలుపుల్లోంచి. అతను గంట కింద కలిపిన చిన్న స్పీకర్లలోంచి... పక్క గదిలో ఎవరో పలవరించినట్టు.

"అన్నా..."

నర్సింగ్ ఆ తలుపుల వైపు తిరిగాడు.

"అన్నా... ఎక్కడి దాంక వచ్చినం?"

కుర్చీ కిందపడ్డ చప్పుడు. శ్రీదివ్య లేచి నిలబడింది. పరుగున వచ్చి పాపను ఎత్తి గుండెకు అదుముకుంది. "ఎవరన్నా అది? ఎవరు మాట్లాడుతున్నారు?"

నర్సింగ్ వంగి ప్లైవుడ్ చెక్క అందుకున్నాడు. బాలప్ప మూసెయ్యమన్నాడు. మూసేస్తే అయిపోతుంది. స్పాంజి కుక్కి, చెక్క పెట్టి, ముద్ద రాసి...

"నొప్పి అయితలేదన్నా ఇప్పుడు" అంది గొంతు. "సలి పెడ్తుంది. జెర పాట సౌండ్ తగ్గియ్యరాదు. నేను పిలిచేది ఇనవడ్తలేదా ఏంది మీకు?"

దబ్. దబ్. లోపలి నుంచి మడమతో తన్నినట్టు.

నర్సింగ్ చేతిలో చెక్క అలాగే ఉండిపోయింది. ఆ గొంతు అతను ఎరిగినదే. ఆ మనిషి ఎవరో తెలీదు గానీ అలాంటి గొంతులు రోజూ వింటాడు. తెల్లవారుజామున కంపెనీ బస్సులో పక్క సీట్లోంచి, షేర్ ఆటోలో వెనక నుంచి. పన్నెండు గంటలు నిలబడి దిగినవాడి గొంతు. కోపం కూడా తెచ్చుకోలేని గొంతు. రోడ్డు పక్కన నడుస్తుంటే ఈ బండే గుద్ది ఉంటుంది. దవాఖానకు తీసుకుపోతామని చెప్పి డిక్కీలో పడుకోబెట్టి ఉంటారు. తీసుకుపోలేదు. పాట పెంచుకుని, చప్పుడు ఆగేదాకా తిప్పారు.

"అన్నా... దవాఖాన ఇంక ఎంత దూరం?"

నర్సింగ్ చెక్క కింద పడేశాడు.

"అమ్మా, నేను బండి తీస్క పోవాలె. సర్కారు దవాఖాన దాంక. రెండు కిలోమీటర్లే. మీరు ఈడ ఉండుండ్రి."

"నన్నొక్కదాన్నీ ఇక్కడ వదిలేసి వెళ్ళొద్దన్నా, ప్లీజ్." వానలో రోడ్డు మీద మనిషన్నవాడు లేడు. టైర్ల దుకాణం ఆదివారమని మూసి ఉంది. ఎవరినీ కూచోనివ్వకన్న బాలప్ప మాట నర్సింగ్‌కు గుర్తుంది. అయినా ఆ తల్లీబిడ్డల మొహాలు చూసి కాదనలేకపోయాడు.

బ్యాటరీ వైరు బిగించి, బండి తీశాడు. పక్క సీట్లో శ్రీదివ్య, ఒళ్ళో పాప. కొత్త స్టీరియో ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. డ్యాష్‌బోర్డు మధ్యలో బొక్క, బొక్కలోంచి వేలాడుతున్న వైర్లు. వైపర్లు ఎంత కొట్టుకున్నా అద్దం మీద నీళ్ళు ఆగడం లేదు. సాయంత్రం అయిదున్నరకే లారీలన్నీ లైట్లు వేసుకున్నాయి.

"ఎక్కడి దాంక వచ్చినం అన్నా?"

నర్సింగ్ అద్దంలో వెనక్కి చూశాడు. "సర్వీస్ రోడ్డు దిగినం" అన్నాడు.

వెనక చప్పుడు ఆగింది. చాలాకాలం తర్వాత ఎవరో బదులిచ్చారని తెలుసుకున్నట్టు.

"ఇంట్ల చెప్పిండ్రా?"

"చెప్పినం."

"మా ఆమె పరేషాన్ అయితది. ఏం కాలేదని చెప్పుండ్రి..."

"అదే చెప్పినం."

శ్రీదివ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. పాప మాత్రం కిటికీ అద్దం మీద వేలితో గీతలు గీస్తోంది.

ముందు లారీ ఆగింది. సిగ్నల్.

"ఎందుకు ఆపిండ్రు? అన్నా, ఎందుకు ఆపిండ్రు?" దబ్ దబ్ దబ్. బండి మొత్తం అదురుతోంది. "దింపకుండ్రి. రోడ్డు మీద దింపకుండ్రి అన్నా..."

"దింప. దింపనే! సిగ్నల్ పడ్డది, గంతే. లారీ ఉన్నది ముంగట. పోతున్నం. బస్టాండ్ దాటుతున్నం ఇగో. ఒక్క నిమిషం ఓపిక పట్టు."

అలా చెబుతూనే నడిపాడు. బస్టాండ్ దాటినం. పండ్ల బండ్లు దాటినం. గేటు కనవడ్తుంది. గేట్ల వచ్చినం. చెబుతున్నకొద్దీ అతని భయం ఎటో పోయింది. ఒళ్ళంతా అలసట ఒక్కటే మిగిలింది. ఆ గొంతు కూడా అలాగే ఉంది. ఇద్దరూ ఒకే డ్యూటీ దిగి వస్తున్నట్టు.

దవాఖాన వసారా ముందు బండి ఆపి, దిగి వెళ్ళి డిక్కీ మూత ఎత్తాడు. తడి చాప, టైరు, వైర్లు, నల్లటి వూఫర్. అంతే.

"వచ్చినం అన్నా" అన్నాడు. "దవాఖాన ఇదే. దిగు."

ఏమీ జరగలేదు. వాన పడుతోంది. తలుపు దగ్గర నిలబడ్డ వార్డు మనిషి వీళ్ళ వైపు చూసి, "ఎవరికి? పేషెంట్ ఏడి?" అని అరిచాడు.

అప్పుడు బండి లేచింది. వెనక వైపు... ఒక్కసారిగా నాలుగు వేళ్ళ మందం పైకి లేచింది, బస్తా దింపిన ఆటోలా. స్ప్రింగులు కిర్రుమన్నాయి. నర్సింగ్ భుజాన్ని చల్లటి గాలి ఒరుసుకుంటూ పోయింది. వార్డు మనిషి ఎందుకో తనకే తెలీనట్టు ఒక అడుగు పక్కకు జరిగి, తలుపు దారి వదిలాడు.

నర్సింగ్ వూఫర్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. కదలడం లేదు. చాలాసేపు అలాగే ఉంచాడు. కదలడం లేదు.

"పోయిండమ్మా" అన్నాడు.

శ్రీదివ్య కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి, "ఇప్పుడు నేను నడపొచ్చా అన్నా? ఇంటికెళ్ళాలి. మావారు సెకండ్ షిఫ్టు, రాత్రికి గానీ రారు. పాప పొద్దున్నించీ సరిగ్గా తిననే లేదు" అంది.

"పోండ్రి. ఇగ భయం లేదు. స్టీరియో సంగతి రేపో ఎల్లుండో సూద్దాం." ఆ మాట అనడానికి అతనికి ఏ అనుమానమూ రాలేదు. ఎన్నో రోజుల తర్వాత ఒక పని సరిగ్గా పూర్తి చేసినట్టుంది మనసుకు. బండి గేటు దాటి తెల్లాపూర్ వైపు తిరిగేదాకా చూసి, ఆటో ఎక్కాడు.

షెడ్డులో బాలప్ప కూచుని ఉన్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, తడిసి ముద్దయి, కింద పడి ఉన్న ప్లైవుడ్ చెక్క వైపే చూస్తున్నాడు. నర్సింగ్‌ను చూడగానే లేచాడు.

"బండేది?"

"కూసో కాకా, చెప్త. అయిపోయింది." నర్సింగ్ టూల్ పెట్టె మీద కూలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. దాహం, చలి, సిగ్నల్ దగ్గర తన్నడం, దవాఖాన, లేచిన బండి. "పాపం, దవాఖానకు పోవాలని గంతే కాకా. నువ్వు మూసిపెట్టకుండ ఒక్కసారి తోల్కపోయి ఉంటే ఆనాడే పోతుండె."

బాలప్ప అంతా విన్నాడు. ముసలి మొహంలో అర్థం కాలేదన్నట్టు ఏదో కదిలింది.

"మొగమనిషా?" అన్నాడు.

"ఆఁ. షిఫ్టు దిగి వస్తుండొచ్చు."

"నేను ఏ మొగమనిషి గొంతు ఇనలేదు రా."

నర్సింగ్ తలెత్తాడు.

"నేను ఇన్నది ఆడిమనిషి గొంతు. నీళ్ళు అడగలే, దవాఖాన అడగలే. నేను ఆ వూఫర్ రిపేరు చేసేటప్పుడు నా మనుమరాలు వెనక సీట్ల ఆడుకుంటుండె. 'పిల్లను ఇటియ్యి, జెరసేపు నా పక్కన పండుకోబెట్టు' అన్నది. మంచిగనే అన్నది. బతిమిలాడుకుంట..." బాలప్ప తలకున్న తువ్వాలు లాగి మొహం తుడుచుకున్నాడు. "మల్ల పిల్ల మూడు రోజులు లేవలే. ఎంత లేపినా లేవలే. నాలుగో నాడు కండ్లు తెరిచింది. గప్పటి సంది మాట్లాడది. అందుకు మూసిన రా దాన్ని. ఆ మొగాయన ఎవడో నాకెరుకలే."

రేకుల మీద వాన ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలీదు. నర్సింగ్ ఫోన్ తీశాడు. వేళ్ళకు ఆ నంబరు దొరకడానికి చాలాసేపు పట్టింది.

ఆరోసారి మోగాక ఎత్తింది.

"చెప్పండన్నా." శ్రీదివ్య గొంతు మెల్లగా, నిద్ర మత్తుగా ఉంది. "ఇంటికొచ్చేశాం. కింద సెల్లార్లోనే ఉన్నాను."

"పాప ఏడున్నదమ్మా?"

"వెనక సీట్లో పడుకుంది. లేపబుద్ధి కాలేదు, అందుకే ఇక్కడే కూచున్నాను. ఎంత హాయిగా పడుకుందో... ఆ పాట వల్లే అనుకుంటా."

"ఏం పాట?"

"జోలపాట వస్తోంది కదా స్పీకర్లలో. ఎవరన్నా పాడింది? ఇంజన్ ఆపేసినా వస్తూనే ఉంది. నాక్కూడా కళ్ళు మూతలు పడిపోతున్నాయి."

ఇప్పుడు నర్సింగ్‌కు కూడా వినిపించింది. ఆమె మాటల వెనక, దూరంగా... మాటలు లేని పాట. ముక్కుతో తీస్తున్న సన్నటి రాగం.

"అమ్మా, ఇనుండ్రి. పాపను ఎత్తుకోండ్రి. ఎత్తుకొని బండి దిగుండ్రి. ఇప్పుడే. లేపుండ్రి పాపను! లేపుండ్రి!"

శ్రీదివ్య ఊపిరి మాత్రం వినపడుతోంది, నిద్రలోకి జారిన మనిషి ఊపిరి. వెనక పాట ఆగింది.

తర్వాత ఫోనుకు బాగా దగ్గరగా, అరిచినందుకు మందలిస్తున్నట్టు ఒక ఆడగొంతు అంది.

"ఉష్‌ష్..."